బావి ఈత నుంచి సొరచేపల దాకా: మాల్దీవుల్లో స్కూబా డైవ్‌కు సమగ్ర మార్గదర్శి

"ఈతొస్తది, మాల్దీవులు పోతున్నం, సొరచేపల నడుమ దిగొచ్చా?" నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. దిగొచ్చు. అయితే నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లు సొరచేప దగ్గరికి పోయేముందు రెండు అలవాట్లు వదిలించుకోవాలి.

బావిలో దుంకేముందు గుండె నిండా గాలి పీల్చి బిగపడతాం. స్కూబాలో, అంటే వీపున గాలి ట్యాంకు కట్టుకుని నీటి కింద ఈదేటప్పుడు, ఊపిరి బిగపట్టడమే అన్నిటికంటే పెద్ద తప్పు. బావిలో తేలడానికి చేతులూ కాళ్లూ కొడతాం. సొర ముందు అట్లా కొట్టుకుంటే దెబ్బతిన్న చేప గిలగిలలాడుతున్నట్టే దానికి వినిపిస్తుంది. కింద చెప్పే తయారీలో సగం ఈ రెండింటి కోసమే.

1. ముందు ఏ సొరో తేల్చుకోండి

సొరలన్నీ ఒక్క తీరు కాదు. సొరను బట్టి దీవి, లోతు, కావలసిన అనుభవం మారిపోతాయి.

నర్స్ సొర: నేల మీద పడుకునే రకం, 3 మీటర్ల దాకా పెరుగుతుంది. వావు అటోల్ అనే పగడపు దీవుల గుంపులో అలిమథా జెట్టీ దగ్గర రాత్రి డైవులకు పేరు. లోతు తక్కువే గానీ జనం ఎక్కువ. కొత్తవాళ్లకు అక్కడ సొర కంటే పక్కవాడి ఫిన్సే (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) ఎక్కువ తగులుతాయి. మెత్తగా ఉందని ముట్టుకోవద్దు. కరిస్తే పట్టు వదలదు.

బ్లాక్‌టిప్ రీఫ్ సొర: రెక్క కొసన నల్ల మచ్చ ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలోనూ తిరుగుతుంది, మనిషిని చూస్తే తప్పుకుంటుంది. దీన్ని చూడటానికి ట్యాంకు అక్కర్లేదు, స్నార్కెల్ (నీటి పైకి ఉండే ఊపిరి గొట్టం) చాలు.

గ్రే రీఫ్ సొర: రెండు పగడపు దిబ్బల నడుమ సముద్రపు నీరు లోపలికీ బయటికీ ఉరికే కాలువ మూతి దగ్గర గుంపులుగా ఉంటుంది. ఆ కాలువను అక్కడ కందు అంటారు. ప్రవాహం గట్టిగా ఉంటుంది కాబట్టి మొదటి డైవుకు పనికిరాదు.

టైగర్ సొర: దక్షిణాన, భూమధ్యరేఖ దగ్గరి ఫువాముల దీవి దీనికి ప్రసిద్ధి. 4 మీటర్ల సొరలు 10 మీటర్ల లోతులోనే కనిపిస్తాయి. లోతు తక్కువని తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్లలో కదలకుండా నిలబడటం రానివాళ్లు ఇక్కడ దిగకూడదు.

వేల్ షార్క్: దక్షిణ అరి అటోల్‌లో మామిగిలి దగ్గర ఏడాది పొడవునా కనిపిస్తుంది. చాలావరకు స్నార్కెల్‌తోనే చూస్తారు. ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్లు దూరం ఉంచాలి.

కొత్తగా డైవింగ్ కోర్సు చేసి కార్డు తీసుకున్నవాళ్లు మొదట మామూలు దిబ్బ డైవు, తర్వాత నర్స్ సొర, ఆపైన కందు చూడాలి. టైగర్‌ను ఇంకో ప్రయాణానికి ఉంచుకోండి.

2. ఇంటి దగ్గర, రెండు నెలల ముందు

ఓపెన్ వాటర్ కార్డు 18 మీటర్ల దాకా దిగడానికి. అడ్వాన్స్‌డ్ కార్డుకు మరో 5 డైవులు చేయాలి, అది 30 మీటర్ల దాకా. ఈ కార్డులిచ్చే సంస్థలు ప్యాడీ, ఎస్‌ఎస్‌ఐ రెండింటినీ ప్రపంచమంతా ఒప్పుకుంటారు. పాఠం ఆన్‌లైన్‌లో, పూల్ తరగతి హైదరాబాద్‌లో ముగించి, సముద్రంలో చేయాల్సిన 4 డైవులు పుదుచ్చేరిలోనో విశాఖలోనో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణిలోనో పూర్తి చేస్తే మాల్దీవుల్లో మూడు రోజులు మిగులుతాయి. అక్కడ రోజు గదికి చెల్లించే డబ్బు చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది.

కార్డుకు 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు తేలాలి. వేగంతో పని లేదు. దీనికి సాగర్ కాలువలో, చెరువులో ప్రాక్టీసు వద్దు. ప్రవాహం, బురద, లోతు ఏవీ కనపడవు. మహబూబ్‌నగర్, నల్లగొండ పూల్‌లలో వారానికి మూడు రోజులు చాలు.

డాక్టర్ దగ్గర తేల్చుకోవాల్సినవి:

- ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, బీపీ, షుగర్, చెవి ఆపరేషన్. కోర్సు మెడికల్ ఫారంలో వీటిలో ఒక్కదానికి "అవును" అన్నా డాక్టర్ సంతకం కావాలి. దీవికి పోయాక డాక్టర్ కోసం తిరగడం కంటే ఇక్కడే చేయించుకోండి.
- గర్భిణులు స్కూబా చేయకూడదు.
- పళ్లు. ఫ్లోరైడ్ నీళ్లతో పెరిగి ఫిల్లింగులు, క్యాపులు వేయించుకున్నవాళ్లు మన దిక్కు ఎక్కువ. ఫిల్లింగు కింద ఇరుక్కున్న గాలి లోతులో ఒత్తిడికి పన్నును పోటెక్కిస్తుంది. వదులైన ఫిల్లింగు ముందే సరిచేయించుకోండి.

మాస్క్ మాత్రం సొంతంగా కొనుక్కోండి, మిగతావన్నీ అద్దెకు దొరుకుతాయి. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొద్దిగా పీలిస్తే కింద పడకుండా అతుక్కోవాలి. కొత్త మాస్క్ అద్దానికి లోపల సన్నని పొర ఉంటుంది, తెల్ల టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్దకపోతే మంచు పట్టి సొర కూడా కనపడదు. కళ్లద్దాలవాళ్లు పవర్ అద్దం వేయించుకోవచ్చు. మీసం మీది నుంచి నీరు కారితే ముక్కు కింద ఒక గీత మందం గొరిగితే చాలు, మీసమంతా తీయక్కర్లేదు.

3. టికెట్లు తీసేముందు గడియారం చూడండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. డైవ్ అయ్యాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఆ లోపు విమానం ఎక్కితే క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అది బుడగలై కీళ్లలో, నరాల్లో చిక్కుతుంది. ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజూ రెండు మూడు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. 24 గంటలైతే నిశ్చింత. ఫువాముల నుంచి మాలేకు వచ్చే చిన్న విమానానికీ ఇదే లెక్క.

మూడో రోజు చివరి డైవ్ నుంచి పగలు 11.30కి పైకి వచ్చారనుకోండి. 18 గంటలంటే నాలుగో రోజు పొద్దున 5.30. విమానం ఆ మధ్యాహ్నం తర్వాతే పెట్టుకోండి. మొదటి రోజు చేరడానికి, రెండో రోజు పరీక్ష డైవ్‌కు, మూడో రోజు పొద్దున సొరలకు సరిపోతాయి. ఒకే రోజు దిగి అదే రోజు సొరలంటే వద్దు.

భారతీయులకు వీసా అక్కడ దిగాక ఉచితంగా ఇస్తారు. తిరుగు టికెట్, గది బుకింగ్ చూపించాలి. ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. మద్యం, వేప్‌లు బ్యాగులో పెట్టుకోవద్దు.

ఎండ, ప్రశాంతమైన నీరు కావాలంటే డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కూబా వర్తించదు, లేదా లోతు పరిమితి ఉంటుంది. పాలసీ కాగితంలో డైవింగ్ అన్న మాట వెతికి చదవండి.

4. డైవ్ సెంటర్‌ను అడగాల్సినవి

డబ్బు కట్టేముందు మెసేజ్‌లో అడిగి జవాబు దాచుకోండి.

- ఒక గైడ్‌కు ఎంత మంది? సొర డైవ్‌లో నలుగురి కంటే ఎక్కువైతే వేరే సెంటర్ చూడండి.
- పడవ మీద ఆక్సిజన్ సిలిండర్ ఉందా, దాన్ని వాడటం ఎవరికి తెలుసు?
- దగ్గరి రీకంప్రెషన్ చాంబర్ (ఒంట్లో చిక్కిన బుడగలను గాలి ఒత్తిడితో కరిగించే గది) ఎక్కడ, చేరడానికి ఎంతసేపు?
- సొరలకు ఎర వేస్తారా? వేస్తే ఎర డబ్బా ఎవరి చేతిలో, ఎంత దూరంలో ఉంటుంది?
- మొదట ఒక పరీక్ష డైవ్ ఉంటుందా? "అక్కర్లేదు, నేరుగా సొరల దగ్గరికే తీసుకుపోతం" అంటే అక్కడ డబ్బు కట్టకండి.

ఎర డైవ్‌లు కొత్తవాళ్లకు వద్దన్నదే మా అభిప్రాయం. ఎర వాసన ఉన్నప్పుడు సొర మామూలుగా మనిషికి ఉంచే దూరం ఉంచదు.

5. ముందు రాత్రి, ఆ పొద్దున

రాత్రి మసాలా, వేపుళ్లు తగ్గించండి. తల కిందికి వంచినప్పుడు పుల్లటి తేన్పులు గొంతులోకి వస్తాయి. పొద్దున రెండు గంటల ముందు తేలికగా తినండి. దీవిలో ట్యూనా, కొబ్బరి కలిపిన మాస్ హునితో రోషి అనే రొట్టె పెడతారు, మన చపాతీ లాంటిదే. ఖాళీ కడుపుతో పోతే పడవలో వాంతులు మరీ ఎక్కువ.

పడవ ఊగితే కడుపు తిప్పేవాళ్లు డాక్టర్ చెప్పిన మాత్ర బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. ఆ మాత్ర ఎంత నిద్ర తెప్పిస్తుందో ఇంటి దగ్గరే ఒకరోజు వేసుకుని చూడండి. జలుబు, ముక్కు దిబ్బడ ఉంటే ఆ రోజు డైవ్ మానుకోవాల్సిందే. ముక్కు మందు వేసుకుని దిగితే దాని పని లోతులో అయిపోయి, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి చిక్కుతుంది.

మెరిసేవన్నీ గదిలో తాళం వేసి పెట్టండి: ఉంగరాలు, చెవి దుద్దులు, పట్టీలు, కడియం, వెండి మొలతాడు. ఎండ తగిలి తళుక్కుమంటే చేప పొలుసు మెరిసినట్టుంటుంది. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేకపోతే వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే డైవింగ్ దుస్తులు) లోపలికి వేసి జిప్పు మెడ దాకా లాగండి. పూర్తి చేతుల నల్ల సూట్ అడగండి. తలకు కొబ్బరి నూనె పెడితే మాస్క్ పట్టీ జారిపోతుంది. నుదుటికి సన్‌స్క్రీన్ రాస్తే కళ్లు మండుతాయి. నెలసరి రోజుల్లో దిగితే సొరలు వెంటపడతాయన్న భయానికి ఆధారం లేదు.

6. దోణి మీద సామాను బిగించడం

డైవ్ పడవను అక్కడా దోణి అనే అంటారు. కుర్రాళ్లు సామాను బిగించి ఇస్తారు. అయినా ఒకసారి మీ చేత్తో మీరే చూసుకోండి.

1. బీసీడీ (గాలి ఊది తేలడానికి వేసుకునే జాకెట్) పట్టీని నీళ్లలో తడిపి ట్యాంకుకు బిగించండి. పొడి పట్టీ నీళ్లలో నానాక సాగి ట్యాంకు జారుతుంది. బిగించాక బీసీడీ పట్టుకుని పైకి లేపి ఊపండి, ట్యాంకు కదలకూడదు.
2. ట్యాంకు మూతి దగ్గరి నల్ల రబ్బరు రింగు పగిలిందా, ఇసుక ఉందా చూడండి. చిటికెడు ఇసుక చాలు, బుస్సున గాలి కారుతుంది.
3. రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) బిగించండి. నోట్లో పెట్టుకునేది కుడి భుజం మీదుగా, గాలి మీటర్, బీసీడీ గొట్టం ఎడమ వైపు రావాలి.
4. మీటర్ ముఖం పక్కకు తిప్పి వాల్వు మెల్లగా, పూర్తిగా తెరవండి. 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉండాలి. 180కి తక్కువైతే ఇంకో ట్యాంకు అడగండి.
5. మీటర్ చూస్తూ నాలుగు సార్లు గట్టిగా పీల్చండి. ముల్లు ఊగితే వాల్వు సగమే తెరిచి ఉంది. పైన బాగానే గాలి వస్తుంది, 15 మీటర్ల లోతులో రాదు. నూనె వాసన వేస్తే ఆ ట్యాంకు వద్దు.
6. బీసీడీ పూర్తిగా ఉబ్బించి, ఖాళీ చేసి చూడండి. బటన్ నొక్కితే ఇరుక్కుపోకూడదు.
7. ట్యాంకును నిలబెట్టి వదిలేయొద్దు. అల ఒక్కటి చాలు, ఎవరి కాలి మీదో పడుతుంది.

బరువులు కూడా ఇక్కడే తేల్చాలి. ఉప్పు నీరు ఎక్కువ తేలుస్తుంది కాబట్టి పూల్‌లో వాడిన దానికంటే 2 కిలోలు అటూ ఇటూగా ఎక్కువ పడుతుంది. నీళ్లలోకి దిగాక బీసీడీ ఖాళీ చేసి మామూలు ఊపిరితో నిలబడితే నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి, ఊపిరి వదిలితే మునగాలి. అల్యూమినియం ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ తేలుతుంది, దానికోసం ఇంకో 2 కిలోలు కలపండి.

సైగల్లో ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: బొటనవేలు పైకి చూపిస్తే "సూపర్" కాదు, "పైకి పోదాం" అని. బాగుందంటే చూపుడు వేలు, బొటనవేలు కలిపి సున్నా చూపించాలి. అరచెయ్యి నిలువుగా నుదుటి మీద పెడితే సొర. పిడికిలి గుండె మీద పెడితే గాలి 50 బార్‌కు వచ్చిందని.

7. మొదటి 10 మీటర్లు

నీటి పైన ఉన్న గాలి ఒత్తిడి 10 మీటర్ల లోతుకు రెట్టింపవుతుంది. 20 మీటర్లకు మూడింతలు, 30కి నాలుగింతలు. అంటే పెద్ద మార్పంతా మొదటి ఆరు నిలువుల లోతులోనే. చెవులు ఇబ్బంది పెట్టేదీ అక్కడే.

తల కిందికి పెట్టి దిగకండి. తాడు పట్టుకుని కాళ్లు కిందికి ఉంచి దిగండి. నొప్పి మొదలయ్యాక కాదు, మునగకముందే ఒకసారి ముక్కు పట్టుకుని మెల్లగా ఊదండి. తర్వాత ప్రతి అర మీటరుకు ఒకసారి. ఊదడం కుదరకపోతే ముక్కు మూసి గుటక మింగండి. నొప్పి వస్తే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. బలవంతంగా ఊదితే చెవి పొర చిరుగుతుంది. మూడుసార్లు కుదరకపోతే గైడ్‌కు చెవి చూపించి పైకి రండి. మిగతావాళ్లు ఆగుతారు, ఆగాలి కూడా.

8. గాలి లెక్క

ట్యాంకు 11 లీటర్లు, 200 బార్. అంటే 2,200 లీటర్ల గాలి. 50 బార్ మిగుల్చుకుంటే వాడుకునేది 1,650. నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 10 మీటర్ల దగ్గర 40 లీటర్లు పడుతుంది, సుమారు 41 నిమిషాలు. 20 మీటర్ల దగ్గర 60 లీటర్లు, 27 నిమిషాలు. భయపడి రెండింతలు పీలిస్తే 10 మీటర్ల దగ్గరే 20 నిమిషాల్లో అయిపోతుంది.

సొర కనపడగానే జరిగేది ఇదే. మూడు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ప్రతి ఐదు నిమిషాలకు మీటర్ చూడండి, 100 బార్ వద్ద గైడ్‌కు చెప్పండి.

9. సొర ఎదురుగా

గైడ్ చూపించిన చోట రాళ్ల వరుస వెనక, వీపు దిబ్బ వైపు ఉంచి గుంపుగా నిలవండి. చేతులు మడిచి ఛాతీకి ఆనించండి. మన అరచేతులు చర్మం కంటే తెలుపు, ఊపితే చిన్న చేపల్లా కనిపిస్తాయి. టైగర్ డైవుల్లో నల్ల గ్లౌజులు ఇస్తే వేసుకోండి.

- కళ్లు దాని మీదే ఉంచండి. అది తిరిగితే మీరూ తిరగండి. టైగర్ సొర వెనక నుంచి రావడానికి చూస్తుంది, చూపు కలిస్తే తప్పుకుంటుంది. కెమెరా తెరలో చూస్తూ వెనక సంగతి మరిచినవాళ్లే దొరికిపోతారు.
- దగ్గరికొస్తే నిటారుగా నిలబడి, కెమెరానో టార్చినో మధ్యలో పెట్టండి. పారిపోవద్దు, ఒంటరిగా పైకి లేవద్దు.
- దానికి, దిబ్బకు నడుమ దారి మూయకండి. వెంటపడకండి.
- గ్రే రీఫ్ సొర ముక్కు పైకెత్తి, వీపు గూనిలా వంచి, పక్క రెక్కలు కిందికి దించి మెలికలు తిరుగుతుంటే దూరం పొమ్మని చెప్తున్నట్టు. దాని మీద నుంచి చూపు తీయకుండా మెల్లగా వెనక్కి జరిగి గుంపుతో తప్పుకోండి. ఫ్లాష్ అసలు వేయొద్దు.

సొరకు ముక్కు దగ్గరి చిన్న రంధ్రాల్లో కరెంటును పసిగట్టే శక్తి ఉంటుంది. చిన్న చేపల కండరాల కదలికను కూడా కనిపెడుతుంది. కెమెరా దగ్గరికి వచ్చి మూతి ఆనించడానికి ఇదీ ఒక కారణం. వదిలేయండి, లాక్కోకండి.

10. తప్పులు, సరిచేసే దారి

నేల మీద కూలబడి ఇసుక లేపడం: బరువు ఎక్కువైంది. బీసీడీలో చిటికెడు గాలి వేయండి, తర్వాతి డైవ్‌కు ఒక కిలో తీసేయండి.

పైకి తేలిపోవడం: ఊపిరి నిండా పట్టుకుని ఉన్నారు. మొదట పూర్తిగా వదలండి, తర్వాత బీసీడీ గాలి తీయండి. 10 మీటర్ల దగ్గర నిండిన ఊపిరితిత్తుల్లో గాలి పైకి వచ్చేసరికి రెట్టింపవుతుంది. బిగపట్టి లేస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి.

మాస్క్‌లోకి నీరు: పై అంచు నొక్కి ముక్కుతో ఊదండి. దీన్ని పూల్‌లో ఇరవై సార్లు చేసి రావాలి. సొర ముందు మొదటిసారి చేస్తే కాళ్లు చేతులు ఆడిస్తారు.

నీళ్లలో వాంతి: రెగ్యులేటర్ నోట్లోంచి తీయకుండా అందులోకే కక్కేసి, గాలితో దాన్ని శుభ్రం చేసే పర్జ్ బటన్ నొక్కి పీల్చండి. అసహ్యంగానే ఉంటుంది, కానీ పని చేస్తుంది.

కందులో కొట్టుకుపోవడం: గైడ్ నుంచి విడిపోతే నిమిషం వెతకండి, దొరకకపోతే మెల్లగా పైకి లేచి వెంట తెచ్చుకున్న గుర్తు బెలూన్ (గాలి నింపితే నీటి పైన నిలబడే రంగు గొట్టం) వదిలి దోణికి కనిపించండి. ఎదురీదితే గాలి అయిపోతుంది.

11. పైకి రావడం, ఆ తర్వాత

నిమిషానికి 9 మీటర్ల కంటే వేగంగా లేవకండి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. సొరలున్నచోట ఆ మూడు నిమిషాలు దిబ్బకు వీపు పెట్టి, అందరూ కలిసే గడపాలి. పడవ నిచ్చెన ఎక్కేదాకా మాస్క్, రెగ్యులేటర్ తీయొద్దు.

పైకి వచ్చాక నీళ్లు తాగండి. మంచి నీటితో చెవులు కడిగి పొడిగా తుడవండి, పుల్ల పెట్టకండి. ఆ రోజు మసాజ్ మానుకోండి.

రాత్రికి మోచెయ్యో భుజమో లోతుగా నొప్పి పుడితే, వేళ్లు తిమ్మిరెక్కితే, ఒంటి మీద ఎర్రటి చారలు వస్తే, కాళ్లలో సత్తువ తగ్గితే "దోణిలో కూసున్నందుకు పట్టేసింది" అని జండూ బామ్ రాసుకుని పడుకోకండి. డైవ్ సెంటర్‌కు వెంటనే ఫోన్ చేయండి, వెల్లకిలా పడుకోండి, నూరు శాతం ఆక్సిజన్ పెట్టించుకోండి. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా సరే, చాంబర్ డాక్టర్‌తో మాట్లాడాకే విమానం బ్యాగు సర్దుకోండి.